మందు కొట్టేముందు కుట్టేదేదో చూడండి

సంపాదకుడు గారికి,

మాది శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి మండలంలో ఉప్పుటేరుకి ఆనుకుని ఉన్న ఊరు. దసరా సెలవులకి వచ్చిన మా మనవరాలికి రెండో రోజుకే మోకాళ్ళ కింద ఎర్రగా దద్దుర్లు లేచాయి. రాత్రంతా గోకుతూనే ఉంది. తెల్లారేసరికి గోకిన చోటల్లా రసి కారుతోంది. చూపిస్తే గజ్జి అన్నారు, ఆయింట్‌మెంట్ రాసిచ్చారు. వారం పూసినా తగ్గలేదు. అమ్మమ్మగారింటికి ఇక రానని పిల్ల ఏడుస్తుంటే నా ప్రాణం ఉసూరుమంది.

మా కిటికీలన్నిటికీ మెష్ ఉంది. పిల్ల పడుకున్నది దోమతెరలోనే. ఒక్క దోమ కూడా కంటపడలేదు. ముప్పై ఏళ్ళు సైన్స్ పాఠాలు చెప్పినదాన్ని, తెలుసుకోకుండా ఉండలేకపోయాను. ఒక సాయంత్రం ఒళ్ళో తెల్ల తువ్వాలు పరుచుకుని అరుగు మీద కూర్చున్నాను. పొద్దు వాలి గాలి పడిపోయిందో లేదో, మడమ దగ్గర చురుక్కుమంది. చూస్తే మిరియాల పొడి రేణువంత నల్ల చుక్క. టేపు ముక్కతో అద్ది భూతద్దం కింద పెట్టాను. రెక్కలు వీపు మీద ఒకదానిపై ఒకటి మడిచి ఉన్నాయి, వాటి నిండా బూడిద రంగు మచ్చలు. ఇసుక ఈగైతే ఒళ్ళంతా నూగు ఉండి, రెక్కలు పైకెత్తి పెట్టుకుంటుంది. ఇది అది కాదు. పశువైద్యులు క్యూలికాయిడ్స్ అంటారే, ఆ పురుగు. పొడవు ఒకటి నుంచి మూడు మిల్లీమీటర్లు. మామూలు దోమతెర కన్నాల్లోంచి సులువుగా దూరిపోతుంది.

మా వీధి చివర గొర్రెల మంద ఉన్నతను చాలా కాలంగా చెబుతూనే ఉన్నాడు, "దోమ కాదు టీచరమ్మా, నిప్పు రవ్వ పడినట్టుంటాది" అని. అతని మాట ఎవరూ పట్టించుకోలేదు, నాతో సహా.

దోమల కోసమని ఊళ్ళో పొగ కొట్టారు, కాలవల్లో నిలిచిన నీళ్ళలో మందు వేశారు. ఆ పని చేసినవాళ్ళు చెమటోడ్చారు, కాదనను. కానీ ఈ పురుగు పిల్లలు పెరిగేది నిలవ నీళ్ళలో కాదు, తడి ఆరని బురదలో. పోటు వచ్చి వెనక్కి పోయిన చోట, బోరింగు చుట్టూ, పశువుల సాల వెనక పేడా మూత్రం కలిసి నానే చోట. నీళ్ళలో పోసిన మందు అక్కడికి చేరదు. పొగకి ఆ పూట ఎగిరేవి చస్తాయి, మర్నాడు బురదలోంచి కొత్తవి లేస్తాయి.

ఉప్పుటేట్లోనే మందు పోయించమని ఊళ్ళో కొందరు అంటున్నారు. దయచేసి ఆ పని మాత్రం చెయ్యొద్దు. పక్కనే తేలినీలాపురానికి ఏటా వచ్చే గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు మేత వెతుక్కునేది ఈ చిత్తడి నేలల్లోనే. మన వలల్లో పడే చేపా రొయ్యా కూడా ఆ నీళ్ళలోవే. ఏటి ఒడ్డంతా మన చేతిలో లేదు. ఇంటి చుట్టూ ఉన్న బురద మన చేతిలోదే.

మా ఇంట్లో చేసింది చెబుతాను. బోరింగు నీళ్ళకి చిన్న కాలవ తీయించి ఆ చుట్టూ ఇసుక పోయించాం. గత్తం కుప్పని పెరటి గోడ దగ్గర్నుంచి పొలానికి మార్చాం. దోమతెరకి లోపలి వైపు పలచని మల్లు గుడ్డ కుట్టాను. ఉక్కపోత ఎక్కువే, కానీ పిల్ల నిద్రపోయింది. అన్నిటికంటే బాగా పనిచేసింది టేబుల్ ఫ్యాన్. ఈ పురుగులకి రెక్కల బలం తక్కువ, గాలి గంటకి పది కిలోమీటర్లు దాటితే ఎగరలేవు. ఫ్యాన్‌ని నేల మీద పెట్టి కాళ్ళకి తగిలేలా తిప్పితే అరుగు మీద కూర్చోగలిగాం. సంజెవేళ వీధి లైటు ఆర్పేస్తున్నాం, వెలుతురుకి అవి ముసురుకుంటాయి. పురుగుల్ని దగ్గరికి రానివ్వని డీట్ అనే మందు ఉన్న క్రీమ్ కూడా పనిచేస్తుంది, పిల్లలకైతే డాక్టర్ని అడిగి వాడాలి.

గొర్రెల సంగతి ఇంకా పెద్దది. నీలినాలుక జబ్బుని ఒక గొర్రె నుంచి ఇంకోదానికి మోసేది ఈ పురుగే. మనుషులకి ఆ జబ్బు రాదు. గొర్రెకి మాత్రం మూతి వాచి, నోరు పుండై, మేత ముట్టక కూలబడిపోతుంది. దానికి టీకా ఉంది. వానలు పడి పురుగు ముసిరాక కాకుండా, ముందే వేస్తే మందలు నిలుస్తాయి.

మలేరియా సిబ్బందినీ, పశువైద్య సిబ్బందినీ నేను కోరేది ఒక్కటే. తీరం ఊళ్ళకి వచ్చినప్పుడు పొగ మిషనుతో పాటు ఒక టేపు చుట్టా, భూతద్దమూ తెచ్చుకోండి. సాయంత్రం అరగంట మాతో అరుగు మీద కూర్చోండి. నేను పట్టిన పదకొండు పురుగులూ నోటుబుక్కులో అంటించి, తేదీ, వేళ రాసి ఉంచాను. ఎవరు వచ్చి అడిగినా ఇస్తాను.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయిని,
సంతబొమ్మాళి మండలం, శ్రీకాకుళం జిల్లా