వార్షిక నివేదిక: అన్సా ఇకోనెన్‌ను చదువుకున్న ఏడాది

గౌరవ సభ్యులకు కార్యవర్గం తరఫున నమస్కారాలు.

పండుగలు జరుపుకోవడంతో పాటు, మనం బతుకుతున్న ఈ దేశపు కళాచరిత్ర నుంచి ఏటా ఒక అంశాన్ని ఎంచుకుని చదువుకోవాలని హెల్సింకిలోని మన తెలుగు సంఘం గత సర్వసభ్య సమావేశంలో తీర్మానించుకున్న సంగతి మీకు తెలిసిందే. ఆ ప్రకారం ఈ ఏడాది ఫిన్లాండ్ నటి, దర్శకురాలు అన్సా ఇకోనెన్ జీవితాన్ని, కృషిని అధ్యయనం చేశాం. ఉగాది, సంక్రాంతి వేడుకల వివరాలు, జమాఖర్చుల పట్టిక మీకు ఇదివరకే విడిగా అందాయి కనుక, ఈ నివేదికను ఆ అధ్యయనానికే పరిమితం చేస్తున్నాం.

ఎంపిక దగ్గరే చర్చ చాలాసేపు సాగింది. ఫిన్లాండులో సినిమాకు దర్శకత్వం వహించిన మొదటి మహిళ గ్లోరీ లెప్పానెన్ కనుక ఆమెతోనే మొదలుపెట్టాలని కొందరు సభ్యులు వాదించారు. ఆ వాదనలో న్యాయం ఉంది. పారిస్ ఒపెరాలో పాడి యూరప్ అంతటా పేరు తెచ్చుకున్న గాయని ఐనో ఆక్తే కుమార్తెగా 1901లో పారిస్‌లో పుట్టిన లెప్పానెన్, నటిగా, నాటక దర్శకురాలిగా పనిచేసి, 1936లో ‘ఒన్నెన్‌పొత్కు’ అనే సినిమాను తీశారు. తరువాత తల్లి జీవితచరిత్రను కూడా ఆమే రాశారు. ఆమె తరువాత ఎనిమిదేళ్లకు, 1944లో, అన్సా ఇకోనెన్ దర్శకత్వం చేపట్టారు. ఇద్దరూ చెరొక కథాచిత్రంతోనే ఆగిపోయారు. 1906లోనే స్త్రీలకు ఓటు హక్కుతో పాటు ఎన్నికల్లో నిలబడే హక్కునూ ఇచ్చి, మరుసటి ఏడాది 19 మంది స్త్రీలను పార్లమెంటుకు పంపిన దేశంలో, ఒక స్త్రీ సినిమా దర్శకురాలు కావడానికి మరో 29 ఏళ్లు పట్టిందన్న విషయం మొదటి సమావేశంలోనే మమ్మల్ని కలవరపెట్టింది. ఏడాది పొడవునా మా చదువుకు దారి చూపింది ఆ కలవరమే. ఇకోనెన్ సినిమాలు చూడడానికి ఎక్కువగా దొరుకుతాయి కాబట్టి చివరికి ఆమెను ఎంచుకున్నాం.

ఇకోనెన్ 1913 డిసెంబరు 19న సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో జన్మించారు. ఫిన్లాండ్ అప్పటికింకా రష్యా చక్రవర్తి ఏలుబడిలోనే ఉంది. ఆమె సినీజీవితంలో మలుపు 1935లో వాలెంటిన్ వాలా దర్శకత్వంలో వచ్చిన ‘కైక్కి రకస్తవత్’, అంటే ‘అందరూ ప్రేమిస్తారు’. అందులో తౌనో పాలోతో కుదిరిన జంట ప్రేక్షకులకు ఎంతగా నచ్చిందంటే, మరుసటి ఏడాదే అదే దర్శకుడు ఆ ఇద్దరితోనే ‘వైమొకె’, ‘మిఎహెకె’ అనే రెండు సినిమాలు తీశారు. ఆ పేర్లను ‘బుల్లి భార్య’, ‘బుల్లి భర్త’ అని మన సభ్యులు తెలుగు చేస్తే సమావేశమంతా నవ్వులతో నిండిపోయింది. మన పెద్దలు పాత తెలుగు సినిమా జంటల గురించి ఎలా మాట్లాడుకుంటారో, ఇక్కడి వృద్ధులు అన్సా, తౌనోల గురించి నేటికీ అలాగే మాట్లాడుకుంటారు.

ఆ జంట సినిమాల్లో మేము ఎక్కువ కాలం గడిపింది 1941 నాటి ‘కుల్కురిన్ వల్సి’తో. ద్వంద్వయుద్ధం తరువాత పారిపోయి దేశదిమ్మరి వేషంలో తిరిగే ఒక జమీందారు కథ అది. ఆ పాత్రలో పాలో నటించగా, అతని మనసు గెలుచుకునే హెలెనా పాత్రను ఇకోనెన్ పోషించారు. కథ మామూలుదే. అయితే సోవియట్ యూనియన్‌తో జరిగి 1940 మార్చిలో ముగిసిన శీతాకాల యుద్ధం వల్ల నాలుగు లక్షలకు పైగా జనం కరేలియాలోని ఇళ్లూ పొలాలూ వదిలి రావలసి వచ్చిందని, 1941 జూన్‌లో మళ్లీ యుద్ధం మొదలైందని, ఆ రెండింటి నడుమ దొరికిన కొద్దిపాటి విరామంలో ఈ సినిమా విడుదలైందని తెలుసుకున్నాక, ఆ వాల్ట్జ్ నాట్య సంగీతం, ఆ సర్కస్ బండ్లు, ఇకోనెన్ ముఖంలోని నిబ్బరం మాకు వేరుగా కనిపించాయి. ఊరు పోగొట్టుకున్నవాళ్లు చీకటి హాల్లో కూర్చుని ఆమెను చూసి ఉంటారన్న ఆలోచన ఇప్పటికీ మమ్మల్ని వదలడం లేదు.

సంభాషణలను తెలుగులోకి తెచ్చే పని ఫిన్నిష్ బాగా వచ్చిన ముగ్గురు సభ్యులు చేపట్టారు. వారికి కార్యవర్గం ఎంతో రుణపడి ఉంది. ఫిన్నిష్‌లో ‘సినా’ అంటే నువ్వు, ‘తె’ అంటే మీరు. నేడు ఈ దేశంలో ‘తె’ వాడకం బాగా తగ్గిపోయి, కార్యాలయాల్లోనూ అందరూ ‘సినా’ అనే పిలుచుకుంటున్నారు గానీ, ఆ కాలపు సినిమాల్లో నాయికానాయకులు ఒకరినొకరు ‘తె’ అనే పిలుచుకుంటూ, మనసులు కలిసిన క్షణాన ‘సినా’కు దిగుతారు. ఇంగ్లీషు ఉపశీర్షికల్లో ఆ మార్పు అసలు కనబడదు. తెలుగులో ‘మీరు’ అంటున్న గొంతు ‘నువ్వు’ అన్నప్పుడు ఏమి జరిగిందో మనలో ఎవరికీ వివరించనక్కర్లేదు. దీనికి ఎదురు చిక్కు ‘హాన్’ అనే మాటతో వచ్చింది. అతనికీ ఆమెకూ అదొక్కటే మాట కావడంతో, ఎవరి గురించి మాట్లాడుతున్నారో సందర్భాన్ని బట్టి తేల్చుకోవలసి వచ్చింది. రెండు చోట్ల మేము పొరబడి, తరువాతి సమావేశంలో సవరించుకున్నాం.

శరదృతువులో సభ్యులం రైల్వే స్టేషన్ పక్కనున్న జాతీయ రంగశాలను చూడడానికి వెళ్లాం. ఇకోనెన్ దశాబ్దాల పాటు నటించిన వేదిక అది. దాని ముందు అలెక్సిస్ కివి విగ్రహం ఉంది. ఆయన రాసిన ‘లెయా’ నాటకం ప్రదర్శితమైన 1869 మే 10నే ఫిన్నిష్ భాషా రంగస్థలానికి పుట్టినరోజుగా లెక్కిస్తారు. ఆ రోజు ప్రధాన పాత్ర ధరించిన షార్లోట్ రా స్వీడన్ దేశస్థురాలు. తనది కాని భాషలో మాటలు నేర్చుకుని ఆమె ఆ నాటకాన్ని నిలబెట్టారు. ఆ సంగతి విన్నాక, ఫిన్నిష్ నేర్చుకోవడానికి సాయంత్రం తరగతులకు వెళ్తున్న మన కొత్త సభ్యుల ముఖాల్లో కనిపించిన సంతోషాన్ని ఈ నివేదికలో నమోదు చేయడం అవసరమని భావిస్తున్నాం.

ఇకోనెన్ దర్శకత్వం వహించిన హాస్యచిత్రం పేరు ‘నైనెన్ ఒన్ వల్తియా’. ‘వల్తి’ అంటే పేకాటలో తురుపు. ఆడదే తురుపు ముక్క అని ఆ పేరుకు అర్థం చెప్పుకోవచ్చు. తొమ్మిదేళ్ల వ్యవధిలోనే దేశమంతా ఎరిగిన నటిగా ఎదిగి, యుద్ధం ముగిసిన ఏడాదిలో అలాంటి పేరున్న సినిమాను తన చేతుల మీదుగా తీసిన మనిషి చేత పరిశ్రమ మరో కథాచిత్రం తీయించుకోకపోవడం ఫిన్లాండ్ సినిమాకు జరిగిన నష్టమని మా అభిప్రాయం. ఈ చర్చలో భానుమతి గారి ప్రస్తావన రాకుండా ఉండలేదు. 1953లో ‘చండీరాణి’ని తెలుగు, తమిళం, హిందీ భాషల్లో తీసినప్పుడు ఆవిడకు భరణీ సంస్థ రూపంలో సొంత నిర్మాణ సంస్థ అండగా ఉంది. దర్శకత్వం వహించే అవకాశం ఒకసారి రావడం వేరు, మళ్లీ మళ్లీ తీయగలిగే ఆధారం ఉండడం వేరు అని ఒక సభ్యురాలు అన్న మాటతో అందరూ ఏకీభవించారు.

ఇకోనెన్ 1989 మే 23న హెల్సింకిలో కన్నుమూశారు.

వచ్చే ఏడాది గ్లోరీ లెప్పానెన్‌ను, ఆమె తల్లి ఐనో ఆక్తేను కలిపి చదవాలని, ఆక్తే 1912లో ఒపెరా ఉత్సవాలను ప్రారంభించిన సవొన్లిన్నా కోటకు వేసవిలో వెళ్లాలని కార్యవర్గం ప్రతిపాదిస్తోంది. ఈ ప్రతిపాదనపై సభ్యుల అభిప్రాయాలను, సంభాషణల తెలుగు ప్రతిలో కనిపించిన తప్పులను సర్వసభ్య సమావేశంలోపు కార్యదర్శికి తెలియజేయవలసిందిగా కోరుతున్నాం.