మహిళా సంఘం వార్షిక నివేదిక, 2024–25

గౌరవ అధ్యక్షురాలికి, కార్యవర్గానికి, సర్వసభ్య సమావేశానికి వచ్చిన అక్కచెల్లెళ్లకు నమస్కారం. నిబంధనావళి ప్రకారం ఏడాది పనుల నివేదికను మీ ముందు ఉంచుతున్నాను. సంఘం ఆశయాలు మీకు తెలిసినవే కనుక నేరుగా పనుల్లోకి వస్తాను.

ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోవలసింది కార్తీక వనభోజనాలు. కార్తీకం వచ్చిందంటే హనుమకొండ చుట్టుపక్కల తోటల్లో కులానికొక బ్యానరు లేస్తుంది. ఏడాదంతా ఒకే వీధిలో ఉండేవాళ్లు ఆ ఆదివారం వేరువేరు చెట్ల కింద తింటారు. మన ఇళ్లలో గిన్నెలు తోమేవారికి, మన వీధులు ఊడ్చేవారికి ఆ పిలుపులు అందవు. అందుకే మనం బ్యానరు లేకుండా అందరం కలిసి పాలంపేట రామప్ప గుడికి వెళ్లాం. 2023 డిసెంబర్ 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు ప్రయాణం ఉచితం కాబట్టి ఛార్జీ ఎవరికీ అడ్డం కాలేదు. అడ్డం వచ్చింది ‘ఇంట్లో వంట ఎవరు చేస్తారు’ అన్న ప్రశ్న. ఆ రోజు వండుకున్న భర్తలకు, కొడుకులకు నివేదికలో ధన్యవాదాలు చెప్పమని ఒకరు సూచించారు. చెప్పడం లేదు. మనం రోజూ వండుతున్నందుకు ఏ నివేదికలోనూ ఎవరూ రాయలేదు.

1213లో కాకతీయుల సేనాని రేచర్ల రుద్రుడు కట్టించిన ఆ గుడికి 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది. ఇంత దగ్గర ఉన్నా మన సభ్యుల్లో చాలామంది దాన్ని ఫొటోల్లోనే చూశారు. చూరు కింది నల్లరాతి మదనికల్లో ఒకామె ఎత్తు చెప్పులు వేసుకుని ఉంటుంది. పారిశుద్ధ్య పని చేసే మన చెల్లెలు ఒకామె ఆ శిల్పం కింద తలెత్తి చాలాసేపు నిలబడిపోయింది. ఎనిమిది వందల ఏళ్ల కిందటి ఆడమనిషికి చెప్పులు చెక్కారు, మాకు పనిలో బూట్లు ఇమ్మంటే ఇన్నిసార్లు అడగాలా అంది. ఆ మాట మరుసటి వారమే వినతిపత్రంగా వెళ్లింది.

తర్వాత రామప్ప చెరువు గట్టున డబ్బాలు విప్పాం. చెరువు నిండుగా ఉంది, అవతలి గుట్టలు నీళ్లలో తలకిందులుగా కనిపిస్తున్నాయి. ఎవరింటి సర్వపిండో అడగకుండా అందరం తుంచుకున్నాం. ఒకే సీసా నీళ్లు చేతులు మారాయి. మనలో చాలా ఇళ్లలో పనికి వచ్చేవారికి ఇప్పటికీ వేరే గ్లాసు ఉంది. ఆ ప్రయాణం తర్వాత కొందరు దాన్ని తీసేశామని చెప్పారు. మిగతా ఇళ్లలోనూ తీసేయాలని కార్యవర్గం గట్టిగా కోరుతోంది.

తిరుగు దారిలో ఒక బస్టాండులో ఆడవాళ్ల మరుగుదొడ్డికి తాళం వేసి ఉంది. తాళంచెవి ఎవరి దగ్గర ఉందో అక్కడ ఎవరికీ తెలియదు. ప్రయాణమంటే పొద్దుటి నుంచి నీళ్లు తాగకుండా ఉండటమని మనకు అలవాటు చేశారు. టికెట్ ఉచితం చేసినవారు ఈ తాళం కూడా తీయించాలి. రాసి ఇచ్చాం, జవాబు రాలేదు.

సద్దుల బతుకమ్మ నాడు భర్త చనిపోయిన అక్కలతోనే తంగేడు, గునుగు పేర్పించి, ముందు వరుసలో ఆడించాం. గొణిగినవారు గొణిగారు.

2013 నాటి లైంగిక వేధింపుల నిరోధక చట్టం ప్రకారం పదిమంది కంటే తక్కువ పనిచేసే చోట్ల వారికి, ఇంటి పనివారికి జిల్లాలో స్థానిక కమిటీ ఉండాలి. ఫిర్యాదుకు గడువు సాధారణంగా మూడు నెలలే. కమిటీలో ఎవరున్నారో బోర్డు పెట్టమని సంబంధిత కార్యాలయం చుట్టూ తిరుగుతూనే ఉన్నాం. సారు మీటింగులో ఉన్నారన్న మాట తప్ప మరొకటి వినలేదు. గడువు తెలియని చెల్లెలికి ఈ ఆలస్యం ఖరీదు ఎంతో వారు ఆలోచించాలి.

జమాఖర్చుల పట్టిక కోశాధికారి చదువుతారు. లెక్కలు సరిచూసి సంతకాలు అయ్యాయి.

చట్టం గురించి ఉచితంగా చెప్పిన న్యాయవాది సోదరికి, కరపత్రాలు అచ్చువేసిన ప్రెస్సు వారికి, సమావేశాలకు గది ఇచ్చిన గ్రంథాలయ సిబ్బందికి, ఆ ఆదివారం ఓపికగా అందరినీ ఎక్కించుకున్న కండక్టరమ్మకు, టీ పెట్టిన ప్రతి సభ్యురాలికీ పేరుపేరునా కృతజ్ఞతలు. ఒక మాట మాత్రం చెప్పక తప్పదు. ఫొటోలకు వచ్చినంతమంది వినతిపత్రాలు పట్టుకుని కార్యాలయాలకు రావడం లేదు. ప్రతిసారీ అదే నలుగురు కూలి వదులుకుని వస్తున్నారు. కొత్త కార్యవర్గం పనులు వంతులవారీగా పంచాలని నా ప్రతిపాదన. దాన్ని ఈ సమావేశంలోనే ఓటుకు పెట్టాలని కోరుతున్నాను.

వచ్చే కార్తీకంలో ప్రయాణం పాకాల చెరువుకు. పేర్లు ఇచ్చేవారు ఈ రోజే పుస్తకంలో రాయండి, ఆధార్ కార్డు మరవకండి.

— కార్యదర్శి