చనిపోయింది అన్నా, వదినా?

సంపాదకులకు,

నమస్కారం. పోయిన వారం మీ విద్యార్థుల పేజీలో ‘హూ, విచ్, దట్’ పాఠం వేశారు. మనుషులకు ‘హూ’, వస్తువులకు ‘విచ్’, రెండింటికీ ‘దట్’ అని ఒక పట్టిక, దాని కింద పూరించడానికి పది ఖాళీలు. పదో తరగతి చదివే మా మనవరాలు పదికి పదీ సరిగ్గా రాసింది. అదే సాయంత్రం తన నోటుబుక్కులో ‘ద స్కూల్ విచ్ ఐ స్టడీడ్’ అని కూడా రాసింది. మీ పట్టిక ప్రకారం తప్పు లేదు. బడి మనిషి కాదు కాబట్టి ‘విచ్’ పెట్టింది. ఇంగ్లీషు వచ్చినవాళ్లు చదివితే మాత్రం ఆ పిల్ల బడిలో చదవలేదు, బడి మీద పరిశోధన చేసింది అనుకుంటారు.

నేను టీచరును కాను. చిత్తూరు కోర్టు దగ్గర ముప్పై ఏళ్లకు పైగా టైపు కొడుతున్నాను. మొదట రెమింగ్టన్ మిషను, ఇప్పుడు కంప్యూటరు. జనం తెలుగులో చెబుతారు, నేను ఇంగ్లీషులో కొడతాను. అఫిడవిట్లు, అర్జీలు, నోటీసులు. ఇంగ్లీషు దస్తావేజుల్లో ఒక్కో వాక్యం పది పన్నెండు లైన్లు సాగుతుంది. ఫలానా సర్వే నంబరులో ఉన్నదీ, ఫలానా వారి దగ్గర కొన్నదీ, నాలుగు హద్దుల నడుమ ఉన్నదీ అయిన భూమి అని చెప్పడానికి వరసగా ‘విచ్’లు తగిలిస్తూ పోవాలి. నా కూడు ఆ ‘విచ్’ల మీదే ఆధారపడి ఉంది. అందుకే చొరవ తీసుకుని రాస్తున్నాను.

ఒకసారి నా వల్లే ఒక తప్పు జరిగింది. ఒక పల్లె నుంచి వచ్చిన రైతు ‘2009లో చనిపోయిన మా అన్న భార్య స్వాధీనంలో భూమి ఉంది’ అని చెప్పాడు. నేను చకచకా ‘ద వైఫ్ ఆఫ్ మై ఎల్డర్ బ్రదర్ హూ డైడ్ ఇన్ 2009’ అని కొట్టి ఇచ్చాను. కాగితం ఒక ఆఫీసుకు వెళ్లింది. అక్కడి గుమాస్తా చదివి, ఆమె మరణ ధ్రువీకరణ పత్రం తెమ్మన్నాడు. ఆమె అక్కడే, బల్లకు ఇవతల నిలబడి ఉంది. మర్నాడు ఇద్దరూ నా దగ్గరికి వచ్చారు. ‘బతికుండంగానే నన్ను సంపేస్తివి కదమ్మా’ అంది ఆమె. నవ్వుతూనే అంది, కానీ బస్సు చార్జీ, ఒక రోజు కూలీ పోయాయి. ఆ పూట టైపు డబ్బులు నేను తీసుకోలేదు.

గుమాస్తాను తప్పు పట్టలేను. ఆ ‘హూ’ అన్నను పట్టుకుందో, వదినను పట్టుకుందో వాక్యం చెప్పదు. ఇంగ్లీషులో ఈ ముక్క మామూలుగా తన ముందున్న నామవాచకాన్నే అంటుకుంటుంది. కానీ ‘వైఫ్ ఆఫ్ మై బ్రదర్’ అన్నది మొత్తం ఒకే మూట, ఆ మూటకూ అంటుకోగలదు. మన వాక్యమూ తక్కువదేం కాదు. ‘చనిపోయిన మా అన్న భార్య’లో చనిపోయింది ఎవరు? వినేవాళ్లు సందర్భాన్ని బట్టి సర్దుకుంటారు, అంతే. అదే రైతును మళ్లీ చెప్పమంటే ‘చనిపోయినాడే మా అన్న, ఆయన పెండ్లాం’ అన్నాడు. అందులో ఏ అనుమానమూ లేదు. మొదటే ఇలా చెప్పించుకుని ఉంటే ‘మై ఎల్డర్ బ్రదర్ డైడ్ ఇన్ 2009’ అని ఒక వాక్యం, ‘హిజ్ వైఫ్ ఈజ్ ఇన్ పొసెషన్’ అని ఇంకో వాక్యం కొట్టేదాన్ని. ‘విడో’ అన్న ఒక్క మాట వేసినా సరిపోయేది.

మనవరాలి ‘స్కూల్’ సంగతికి వస్తాను. మా మామగారు తెలుగు పండితులు. ‘వచ్చిన, చదివిన’ లాంటి మాటలను ధాతుజ విశేషణాలు అనేవారు. ద్రావిడ భాషలకు ‘హూ, విచ్’ లాంటి సర్వనామాలు లేవనీ, ఆ పని ఈ విశేషణాలే చేస్తాయనీ, ద్రావిడ భాషల వ్యాకరణం రాసిన కాల్డ్వెల్ దొర 1856లోనే రాశాడని చెప్పేవారు. మా చిత్తూరులో దీనికి పుస్తకం అక్కర్లేదు. ఇక్కడ చాలామందికి అరవం వచ్చు. ‘నిన్న వచ్చిన పిల్లోడు’ అంటే ‘నేత్తు వంద పయ్యన్’. మాటకు మాట సరిపోతుంది, వరస కూడా మారదు. ఇంగ్లీషు దగ్గరికి వచ్చేసరికి పిల్లోడు ముందుకు వస్తాడు, నిన్న రావడం వెనక్కి పోతుంది, మధ్యలో ‘హూ’ అని ఒక కొక్కెం పడుతుంది.

వరస మారడం పిల్లలకు తొందరగానే పట్టుబడుతుంది. పట్టుబడనిది వేరే ఉంది. చదువుకున్న పిల్ల, చదువుకున్న పాఠం, చదువుకున్న బడి, చదువుకున్న రోజులు, చదువుకున్న దీపం: మనకు అన్నింటికీ ‘చదువుకున్న’ ఒక్కటే. పిల్ల చదివింది, పాఠాన్ని చదివారు, బడిలో చదివారు, దీపం వెలుగులో చదివారు. ఆ ‘ని’, ఆ ‘లో’, ఆ ‘వెలుగులో’ మాట తిరగేయగానే రాలిపోతాయి. రాలిపోయినా మనకు అర్థమవుతుంది. ఇంగ్లీషు ‘లో’ను రాలనివ్వదు. ‘ద లెసన్ ఐ స్టడీడ్’ చాలు, కానీ ‘ద స్కూల్ ఐ స్టడీడ్ ఇన్’ అనాలి. లేదంటే ‘ఇన్ విచ్’ అని ముందుకు తెచ్చుకోవాలి, లేదా ‘వేర్’ వాడాలి. దీపమైతే ‘ద ల్యాంప్ బై విచ్ ఐ స్టడీడ్’. మనవరాలికి నేను చెప్పింది ఇంతే: ముందు ‘నేను బడిలో చదివాను’ అని మామూలు వాక్యం చెప్పుకో. తర్వాత ‘చదివిన బడి’ అని తిప్పు. ఏది రాలిందో చూసి, దాన్ని ఏరుకొచ్చి ఇంగ్లీషులో పెట్టు. ‘నేను వచ్చిన బస్సు’ ఇచ్చి చూశాను. కాసేపు పెన్ను కొరికి ‘ద బస్ ఐ కేమ్ ఇన్’ అని రాసింది. ‘విచ్’ ఏమైందంటే, లేకపోయినా బాగానే ఉంది కదా అవ్వా అంది. నిజమే. కానీ ‘కాణిపాకం పోయే బస్సు’ దగ్గర అలా వదలకూడదు. అక్కడ పోయేది బస్సే కాబట్టి ‘ద బస్ దట్ గోస్ టు కాణిపాకం’ అని ‘దట్’ గానీ ‘విచ్’ గానీ ఉండాలి.

కామా సంగతి మీ పాఠంలో ఒక్క ముక్క కూడా లేదు. నేను పనిలో చేరిన కొత్తల్లో ఒక వీలునామాలో ‘మై సన్స్ హూ లివ్ ఇన్ బెంగళూర్’ అని కొట్టాను. మా వకీలు గారు కళ్లద్దాల పైనుంచి చూసి ‘ఏమ్మా, ఈయనకు తిరుపతిలో ఇంకో కొడుకు ఉన్నాడా?’ అన్నారు. ఉన్నది ఇద్దరే, ఇద్దరూ బెంగళూరులోనే. కామాలు లేకపోతే, కొడుకుల్లో బెంగళూరు కొడుకులకు మాత్రమే అని అర్థం వస్తుంది. అటొకటి ఇటొకటి కామా పెడితే, ఉన్న కొడుకులందరికీ, వాళ్లు బెంగళూరులో ఉంటారన్నది అదనపు సమాచారం. ‘బెంగళూరులో ఉండే నా కొడుకులు’ అన్న తెలుగు ముక్కలో ఈ తేడా తెలియదు, అందుకే మన చెయ్యి కామా వైపు పోదు. కామా పెట్టిన చోట ‘దట్’ పనికిరాదని కూడా ఆ రోజే నేర్చుకున్నాను. చివరికి వకీలు గారు ఆ ముక్క మొత్తం కొట్టేసి, ఇద్దరి పేర్లూ రాయించారు. కామాను నమ్ముకుని ఆస్తి రాయకూడదన్నారు.

ఇంకో మాట, కోపం తెచ్చుకోకండి. ఇంగ్లీషు పాఠం వేసిన పేజీ వెనకే, ఇంగ్లీషు ‘హూ’ను తెలుగులోకి దించినట్టు ‘ఎవరైతే దరఖాస్తు చేసుకున్నారో వారు’ అని మీ వార్త ఉంది. ‘దరఖాస్తు చేసుకున్నవారు’ అంటే సరిపోదా? టీవీలో అయితే ప్రతి వాక్యంలోనూ ‘ఈ సంఘటన ఏదైతే ఉందో’ అంటున్నారు. ‘ఎవరు తీసిన గోతిలో వాళ్లే’ లాంటివి మనకు ముందునుంచీ ఉన్నాయి, కాదనను. కానీ మా వీధిలో పాలు పోసే ఆయన ‘నిన్నొచ్చినోడే మళ్లీ వచ్చినాడు’ అంటాడు. మీ విలేఖరికీ ఆ తెలుగు వచ్చే ఉంటుంది.

వచ్చే పాఠం వేసేటప్పుడు పట్టిక కంటే ముందు నాలుగు తెలుగు వాక్యాలు వేయండి. తిప్పినప్పుడు ఏం రాలుతుందో పిల్లలతోనే చెప్పించండి. ఉదాహరణలు కావాలంటే నా దగ్గర తప్పులు దిద్దిన పాత చిత్తు కాగితాలు ఒక అట్టపెట్టె నిండా ఉన్నాయి. ఊర్లూ పేర్లూ కొట్టేసి పంపుతాను.

ఇట్లు,
ఒక జాబ్ టైపిస్టు,
సంతపేట, చిత్తూరు.