మట్టిలో కలిసిపోయే షీట్ కొనొచ్చా?

అనంతపురం

ఒరేయ్ మామా,

నీ ఉత్తరం అందింది. కళింగర ధర మీద రెండు పేజీలు తిట్లు రాసి, అడగాల్సింది మాత్రం చివర్లో రెండు లైన్లలో అడిగినావు. సాళ్ల మీద పరిచే మల్చింగ్ షీట్‌లో మట్టిలో కలిసిపోయే రకం అంటున్నారు, రేటు ఎక్కువ, కొనాలా వద్దా అని. కెమిస్ట్రీ వాడిని అడిగినావు కాబట్టి కొంచెం సేపు ఓర్చుకో.

నువ్వు ఇన్నాళ్లూ పరుస్తున్నది పాలిథిన్. ఇథిలీన్ అణువులు ఒకదాన్నొకటి నేరుగా పట్టుకుని గొలుసు కట్టేస్తాయి, పక్కకు ఏదీ పోదు. వెన్నెముకంతా కార్బన్-కార్బన్ బంధాలే. అక్కడ నీటికి పని లేదు, మట్టిలోని సూక్ష్మజీవులకూ చిక్కదు.

నీళ్ల బాటిల్ పుట్టుక వేరు. టెరెఫ్తాలిక్ ఆమ్లం, ఇథిలీన్ గ్లైకాల్ కలిసే ప్రతి ముడి దగ్గరా ఒక నీటి అణువు బయటికి పోతుంది. వీటినే మనం ఇంటర్‌లో సంఘనన పాలిమర్లని బట్టీ కొట్టినాం. 1935లో అమెరికా కెమిస్టు కరోథర్స్ చేసిన నైలాన్ 6,6 కూడా ఇదే దారి. అంతెందుకు, మన ధర్మవరం చీరలోని పట్టు కూడా అమైనో ఆమ్లాలు నీళ్లు వదిలి కట్టుకున్న గొలుసే. నైలాన్‌లో ముడి వేసే అమైడ్ బంధమే అందులోనూ. పట్టుపురుగు ఏ ల్యాబూ లేకుండా చేసేస్తుంది, అది వేరే సంగతి.

అసలు కీలకం ఇక్కడుంది. నీళ్లు వదిలి పడిన ముడిని మళ్లీ నీళ్లతోనే విప్పొచ్చు. బాటిల్ ముక్కల్ని కరిగించే ముందు ఫ్యాక్టరీలో బాగా ఆరబెడతారు, తడి ఉంటే ఆ వేడికి గొలుసులు తెగి సరుకు పాడవుతుంది. అట్లని బాటిల్‌ను చేలో పారేస్తే కరిగిపోతుందనుకోకు. దాని గొలుసులోని బెంజీన్ వలయాలు బిగుసుకుని ఉంటాయి, మామూలు ఎండావానలకు లొంగవు. దాన్ని తినే బ్యాక్టీరియాను జపాన్ వాళ్లు 2016లో ప్రకటించినారు గానీ మన చేలల్లో దాని మీద ఆశ పెట్టుకోలేం.

ఇప్పుడు నీ షీట్. పీబీఏటీ అనే పాలియెస్టర్‌తో, అంటే బాటిల్ లాగే నీళ్లు వదిలి ముడులు పడిన ప్లాస్టిక్‌తో, చేసినదైతే మాట నిజమే. అందులో మెత్తని భాగాలు ఉంటాయి కాబట్టి సూక్ష్మజీవుల ఎంజైములు ఆ ముడుల దాకా చేరతాయి. కొందరు పాలిథిన్‌లోనే లోహ లవణాలు కలిపి అదే పేరుతో అమ్ముతారు. అది ఎండకు పెళుసై పొడిపొడిగా రాలుతుంది, కంటికి కనపడదు, భూమిలోనే ఉంటుంది. అట్లాంటి సరుకును యూరప్‌లో 2021 నుంచి ఆపేసినారు. 'కంపోస్టబుల్' అని రాసి ఉంటే కూడా సంబరపడకు, ఆ పరీక్ష సుమారు 58 డిగ్రీల కంపోస్టు కుప్పలో చేస్తారు. మల్చింగ్ షీట్‌కు యూరప్‌లో వేరే ప్రమాణం ఉంది, ఈఎన్ 17033. మట్టిలో రెండేళ్లలోపు 90 శాతం పోవాలి.

పాత షీట్‌ను గట్టు మీద కాల్చొద్దు. అందులో డ్రిప్‌కు నీళ్లు తెచ్చే సబ్‌మెయిన్ పీవీసీ పైపు ముక్క ఒక్కటి పడినా హైడ్రోక్లోరిక్ ఆమ్ల వాయువు, డయాక్సిన్లు పీలుస్తావు. డ్రిప్ లేటరల్స్ (సాళ్ల వెంట పరిచే సన్న పైపులు) చుట్టి గుజిరీకి వేయి, తీసుకుంటాడు. షీట్‌ను మన్ను దులపకుండా ఇస్తే వాడు తిప్పి పంపిస్తాడు, వాడి తప్పు కూడా లేదు.

నా మాట వింటే కొత్తది ముందు రెండు సాళ్లకే పరిచి చూడు. కొనేముందు కవర్ మీద రాసిందంతా ఫోటో తీసి పంపు, పీబీఏటీ అని లేకుంటే వదిలేయి. వదినను అడిగినానని చెప్పు.

నీ,
కెమిస్ట్రీ మామ