మొదటి జీతం గురించి ముఖ్యమంత్రి గారికి ఒక స్కూల్ అసిస్టెంట్ రాస్తున్న బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ ముఖ్యమంత్రి గారికి నమస్కారం సార్,

విద్యాశాఖ కూడా మీ దగ్గరే ఉంది కాబట్టి నేరుగా మీకే రాస్తున్నా. నేను ఉమ్మడి నల్గొండ జిల్లాలో ఒక జెడ్పీ హైస్కూల్లో మ్యాథ్స్ స్కూల్ అసిస్టెంట్‌ని, 2012 డీఎస్సీ బ్యాచ్. ఈ లెటర్ నా జీతం పెంచమని కాదు సార్. 2024 డీఎస్సీలో వచ్చిన మా కొత్త టీచర్ల మొదటి జీతం గురించి. పీఆర్సీ (జీతాలు సవరించే కమిషన్) అనగానే అందరం ఫిట్‌మెంట్, అంటే పాత బేసిక్ మీద పెంచే శాతం, ఎంత అని కొట్లాడతాం, టీవీల్లో కూడా ఆ నంబరే తిరుగుద్ది, కానీ ఆ నంబర్ కొత్తగా జాయిన్ అయ్యేవాళ్ళకి పూర్తిగా అందట్లేదన్న సంగతి స్టాఫ్ రూమ్ దాటి బయటికి రావట్లేదు.

నేను 2013లో జాయిన్ అయినప్పుడు స్కూల్ అసిస్టెంట్ బేసిక్ (మూలవేతనం) 14,860. డీఏ (కరువు భత్యం) 47.936 శాతం, పల్లెటూరు హెచ్‌ఆర్‌ఏ (ఇంటి అద్దె భత్యం) 10 శాతం, అన్నీ కలిపితే ఇరవై మూడు వేల నాలుగొందల చిల్లర. ఎంప్లాయీ ఐడీ, ప్రాన్ (పెన్షన్ ఖాతా) నంబర్ అంటూ తిరిగేసరికి ఆ మొదటి జీతం పడటానికే నెలలు పట్టింది, ఆ రెండు మూడు నెలలు బస్సు చార్జీలు మా నాన్న దగ్గర తీసుకున్నా. అప్పట్లో తులం బంగారం ముప్పై వేలకి అటూ ఇటూ ఉండేది, అంటే నా మొదటి జీతం ముప్పావు తులం. తర్వాత 2015 పీఆర్సీలో అదే పోస్టు మొదటి బేసిక్ 28,940 అయింది, 2021లో ఇచ్చిన స్కేళ్ళలో (పోస్టువారీ బేసిక్‌ల పట్టికలో) 42,300. ఇప్పటికీ అదే.

చూడ్డానికి బాగానే పెరిగినట్టు ఉంటది సార్. కానీ లెక్కలు చెప్పుకునేవాణ్ణి కాబట్టి ఒకసారి బోర్డు మీద వేసినట్టు వేసి చూపిస్తా, రెండు నిమిషాలు ఓపిక పట్టండి.

2021 పీఆర్సీ కోసం వేసిన బిస్వాల్ కమిటీ 7.5 శాతం ఫిట్‌మెంట్ చాలని రాసింది, కనీస మూలవేతనం 19,000 పెట్టి దాని మీద స్కేళ్ళన్నీ కట్టింది. మేమందరం గొడవ చేశాం, అప్పటి ప్రభుత్వం ఫిట్‌మెంట్‌ని 30 శాతానికి పెంచింది, అసెంబ్లీలోనే చెప్పారు, సంతోషపడ్డాం. అయితే పెంచింది ఫిట్‌మెంట్ ఒక్కటే, స్కేళ్ళ పట్టిక మాత్రం కమిటీ రాసింది రాసినట్టే ఉంచేశారు. ఆ స్కేళ్ళు లెక్క కట్టింది 2018 జూలై నుంచి, అప్పుడు 28,940 బేసిక్ మీద ఉన్న స్కూల్ అసిస్టెంట్‌కి డీఏ 30.392 శాతం, ఫిట్‌మెంట్ 30 శాతం కలిపితే 46,417 వస్తది, పట్టికలో దాని పై మెట్టులో ఫిక్స్ చేశారు. మరి 2024లో జాయిన్ అయినవాళ్ళు ఎక్కడ మొదలయ్యారు? 42,300 దగ్గర. అదే పోస్టు, అదే టెన్త్ క్లాస్ సిలబస్, కానీ అందరికీ ఇచ్చామన్న 30 శాతంలో వీళ్ళ మొదటి మెట్టుకి నాలుగు వేలకి పైగా తగ్గిపోయింది.

ఇది ఒక్కసారి జరిగింది కూడా కాదు. 2015లో కూడా ఇట్లనే అయింది. అగర్వాల్ కమిషన్ 29 శాతం అన్నది, కనీస వేతనం 13,000 పెట్టి పట్టిక వేసింది. ప్రభుత్వం 43 శాతం ఇచ్చింది. 14,860కి డీఏ 63.344, ఫిట్‌మెంట్ 43 కలిపితే 30,662 కావాలి, కానీ కొత్తవాళ్ళ మినిమమ్ 28,940 దగ్గరే ఉండిపోయింది. అప్పుడు నేను సర్వీసులో ఉన్నా కాబట్టి నాకు పూర్తిగా వచ్చింది. నిజం చెప్పాలంటే అప్పుడు ఈ తేడా నాకు తట్టనే లేదు సార్, నా ఫిక్సేషన్ నేను చూసుకున్నా, సంతకం పెట్టా, అయిపోయింది. సంఘాల్లో తిరిగేవాళ్ళం కూడా ఆనాడు దీని గురించి గట్టిగా అడగలేదు, ఎందుకంటే అడగాల్సినవాళ్ళు ఇంకా సర్వీసులోకే రాలేదు.

పక్క రాష్ట్రం చూడండి. ఆంధ్రలో 2022లో ఫిట్‌మెంట్ 23 శాతమే అని ఫిబ్రవరి 3న చలో విజయవాడకి జనం రోడ్ల మీద నిండిపోయారు, వాళ్ళ బాధ వాళ్ళది, అది న్యాయమే. కానీ అక్కడ కనీస మూలవేతనం 20,000 పెట్టి స్కేళ్ళు కట్టారు, 28,940కి డీఏ, 23 శాతం కలిపితే 44,392, పట్టికలో స్కూల్ అసిస్టెంట్ మినిమమ్ 44,570. అంటే ఇచ్చిన ఫిట్‌మెంట్ కొత్తవాళ్ళకి కూడా అందింది. మన దగ్గర 30 ఇచ్చి కూడా కొత్త టీచర్ వాళ్ళకంటే 2,270 తక్కువ బేసిక్‌తో మొదలవుతున్నాడు.

2024 అక్టోబర్ 9న ఎల్బీ స్టేడియంలో మీరు అపాయింట్‌మెంట్ ఆర్డర్లు ఇచ్చారు. 11,062 పోస్టుల నోటిఫికేషన్, పరీక్షలు, ఆర్డర్లు అన్నీ ఒక్క ఏడాదిలో పూర్తి చేశారు, దానికి మనస్ఫూర్తిగా థ్యాంక్స్, 2017 టీఆర్టీ (టీచర్ల నియామక పరీక్ష) తర్వాత అంతా ఎదురుచూసిందే దీనికోసం. ఆ స్టేడియంలో కూర్చున్నవాళ్ళలో మా స్కూల్‌కి వచ్చిన ఫిజిక్స్ సార్ కూడా ఉన్నారు. ఆయన నాకంటే రెండేళ్ళు పెద్ద. విద్యా వలంటీర్‌గా నెలకి 12 వేలకి పనిచేశారు, 2020లో కరోనా వచ్చి అదీ పోయింది, తర్వాత ప్రైవేటు స్కూల్, ట్యూషన్లు. మీరు ఏజ్ లిమిట్ 46కి పెంచడం వల్ల ఆయనకంటే పెద్దవాళ్ళకి కూడా దారి దొరికింది. ఆయన 41 ఏళ్ళకి 42,300 దగ్గర మొదలుపెట్టారు. 61కి రిటైర్మెంట్, అంటే ఇరవై ఏళ్ళ సర్వీస్, ఒకే పోస్టులో 6, 12, 18 ఏళ్ళు చేస్తే ఇచ్చే పై స్కేళ్ళు వస్తాయి, 24 ఏళ్ళది ఆయన జన్మలో రాదు. ఇట్లాంటి మనిషికి మొదటి మెట్టులో పోయిన నాలుగు వేలు ఒక్క నెలతో పోయేవి కావు, ప్రతి ఇంక్రిమెంట్ దాని మీదనే, డీఏ దాని మీదనే, సీపీఎస్‌లో (కొత్త పెన్షన్ పథకంలో) కోసే 10 శాతం, సర్కారు కలిపే వాటా కూడా దాని మీదనే. పాత పెన్షన్ లేదు. రేపు ఆయన చేతికొచ్చే పెన్షన్ డబ్బు సైజు ఇవాళ్టి బేసిక్‌తోనే తేలిపోతది.

ఆయన పే స్లిప్ నేనే కూర్చుని లెక్కేశా. డీఏ 26.39 శాతానికి పెరిగినప్పుడు బేసిక్ 42,300, డీఏ 11,163, హెచ్‌ఆర్‌ఏ 11 శాతం 4,653, ఐఆర్ (మధ్యంతర భృతి) 5 శాతం 2,115. మొత్తం 60,231. సీపీఎస్ కటింగ్ ఐదు వేలు దాటింది. అదే నెల్లో కేంద్రీయ విద్యాలయంలో కొత్త టీజీటీకి (హైస్కూల్ టీచర్‌కి) 44,900 బేసిక్, 53 శాతం డీఏ, చిన్న ఊరైనా 10 శాతం హెచ్‌ఆర్‌ఏ, 73,187. దాదాపు 13 వేల తేడా, అదీ ట్రాన్స్‌పోర్ట్ అలవెన్స్ కలపకుండా. ఇద్దరూ బీఈడీ, ఇద్దరూ టెట్ రాసినవాళ్ళు, ఇద్దరూ చెప్పేది న్యూటన్ సూత్రాలే. బంగారం లెక్కలో చెప్పాలంటే అప్పుడు తులం 75 వేలు దాటింది, అంటే ఆయన మొదటి జీతం కూడా ముప్పావు తులమే, పదకొండేళ్ళ కింద నాకొచ్చినంతే. ఇప్పుడు తులం లక్ష దాటింది, ఇంక ఆ లెక్క వెయ్యాలనిపించట్లేదు.

మా స్కూల్లో మ్యాథ్స్ బాగా చేసే ఆడపిల్లలు ఉన్నారు. ఇంటర్ తర్వాత ఏం చేస్తారమ్మా అంటే ఒకప్పుడు ముగ్గురో నలుగురో టీచర్ అవుతా సార్ అనేవాళ్ళు. పోయినేడు ఒక్కరూ అనలేదు. నాకు ఆ రోజంతా మనసు బాగాలేదు.

శివశంకర్ గారి పీఆర్సీ కమిటీని 2023 అక్టోబర్‌లో వేశారు, కొత్త స్కేళ్ళు 2023 జూలై 1 నుంచి రావాలి. సర్కారు దగ్గర పైసల్లేవని మీరు చాలాసార్లు చెప్పారు, అది మేమూ వింటున్నాం. ఫిట్‌మెంట్ ఎంతిస్తారో అది మీ నిర్ణయం. నేను అడిగేది ఒక్కటే, మీరు ఏ నంబర్ అనౌన్స్ చేస్తే ఆ నంబర్‌తో స్కేళ్ళ పట్టిక మళ్ళీ కట్టించండి. కమిటీ ఒకటి రాసి, మీరు ఇంకొకటి పెంచి, పట్టిక పాతదే ఉంచితే మూడోసారి కూడా కొత్తవాళ్ళే నష్టపోతారు. 2018 జూలై తర్వాత జాయిన్ అయిన టీచర్లకి 2021లో పోయిన తేడాని కూడా ఈ ఫిక్సేషన్‌లోనే సరిచేయమని ఆర్థికశాఖకి ఒక మాట చెప్పండి. బకాయి డీఏల గురించి మా సంఘాలు అడుగుతూనే ఉన్నాయి, అది వేరే రాయను.

జీవో డ్రాఫ్ట్ మీ టేబుల్ మీదికి వచ్చిన రోజు స్కూల్ అసిస్టెంట్ లైన్ దగ్గర మొదటి అంకె ఒక్కసారి చూడండి సార్. 42,300కి డీఏ, మీరిచ్చే ఫిట్‌మెంట్ కలిపి వచ్చిన దానికంటే ఆ అంకె తక్కువుంటే సంతకం పెట్టకుండా వెనక్కి పంపండి.

ఇట్లు
ఒక మ్యాథ్స్ స్కూల్ అసిస్టెంట్
ఉమ్మడి నల్గొండ జిల్లా