బీఏ అంటే బట్టీ కాదు

ఎడిటర్ గారికి నమస్కారం. బీఏలో చేరిన మా శ్రీకాకుళం పిల్లలకి ఒక మాట చెప్పాలని రాస్తున్నానండి, హిస్టరీ అంటే పరీక్ష ముందురోజు గైడు బట్టీ పట్టడమే అనుకోకండి, నేనూ ఫస్టియర్లో అలాగే చేసి ఒక పేపర్ తప్పాను. బొబ్బిలి యుద్ధం 1757 అని రాస్తే సరిపోదు, విజయనగరం రాజుకీ బొబ్బిలికీ పగ ఎందుకొచ్చింది, మధ్యలో ఫ్రెంచి సేనాని బుస్సీ ఎందుకు దిగాడు, అవన్నీ సొంత మాటల్లో రాయాలి. క్లాసుకి ముందే చాప్టర్ ఒకసారి తిరగేస్తే డౌట్లు వస్తాయి, అడగడానికి సిగ్గుపడొద్దు. వీలైతే ఒక ఆదివారం వంశధార ఒడ్డున శాలిహుండం వెళ్లండి, కొండమీద ఆ బౌద్ధ స్తూపాలు కళ్లారా చూసొచ్చాకే నాకు బౌద్ధం పాఠం తలకెక్కింది. లెక్చరర్లు కూడా ఏడాదికొక్కసారైనా పిల్లల్ని అక్కడికి తీసుకెళ్లాలండి.

- ఒక బీఏ విద్యార్థి, శ్రీకాకుళం