మోర్మన్ దేవాలయ క్రతువులకు చరిత్ర ఉంది, ఆధారాలూ ఉన్నాయి

సంపాదకులకు,

నమస్కారం. రెండు వారాల కిందటి ఆదివారం అనుబంధంలో, పందొమ్మిదో శతాబ్దంలో అమెరికాలో జోసెఫ్ స్మిత్ స్థాపించిన మోర్మన్ చర్చి దేవాలయ క్రతువులపై మీరు ప్రచురించిన వ్యాసం ఇంకా మనసులో మెదులుతూనే ఉన్నందున ఈ లేఖ రాస్తున్నాను. ఆ క్రతువులు పరమ రహస్యం కనుక వాటి పుట్టుక ఎవరికీ తెలియదని మొదటి పేరాలో చెప్పి, అవి ఫ్రీమేసన్లనే రహస్య సోదర సంఘం నుంచి ఎత్తుకొచ్చినవేనని మూడో పేరాలో తీర్మానించారు. ఈ రెండు మాటలూ ఒకదానితో ఒకటి పొసగవని అచ్చుకు వెళ్లేముందు ఒక్కరికైనా తోచకపోవడం విచారకరం. విశ్వాసులు ఉపదేశం పొంది ప్రమాణాలు చేసే ప్రధాన క్రతువైన ‘ఎండోమెంట్’ను ‘దేవాదాయ క్రతువు’ అని అనువదించారు. లూకా సువార్తలోని ‘పైనుండి శక్తి పొందడం’ అన్న భావం నుంచి వచ్చిన ఆ పేరుకూ మన దేవాదాయ శాఖకూ ఏ సంబంధమూ లేదు.

ఫ్రీమేసన్ల ప్రభావం లేదని నేను అనడం లేదు. ఇల్లినాయ్ రాష్ట్రంలోని నావూలో జోసెఫ్ స్మిత్ 1842 మార్చి 15న మేసన్‌గా చేరి, ఏడు వారాలు తిరగగానే, మే 4న, తన దుకాణం పై అంతస్తులో తొమ్మిది మందికి ఎండోమెంట్ జరిపించాడు. అంతకు చాలా ముందే మేసన్ అయిన ఆయన అనుచరుడు హీబర్ కింబాల్ ఆ జూన్‌లోనే రెండింటి పోలికనూ ఒక లేఖలో దాపరికం లేకుండా ప్రస్తావించాడు. అయితే దేహశుద్ధి, తైలాభిషేకం ఒహైయోలోని కర్ట్‌లాండ్‌లో 1836లోనే జరిగాయి, మృతుల తరఫున బాప్తిస్మం 1840లో మొదలైంది. మేసన్ కాకముందే ఆచరణలో ఉన్నవాటిని మేసన్ల నుంచి ఎత్తుకొచ్చాడని ఎలా రాస్తారు?

అంతకంటే పెద్ద లోపం, ఆ క్రతువులు మొదటి నుంచీ మారనే లేదన్నట్టు రాయడం. 1845–46 చలికాలంలో నావూ దేవాలయంలో అయిదు వేల మందికి పైగా పొందిన ఎండోమెంట్ పాఠం 1877 దాకా నోటి మాటగానే నడిచింది. ఆ ఏడు యూటాలోని సెయింట్ జార్జ్‌లో, స్మిత్ తర్వాత చర్చికి అధినేత అయిన బ్రిగమ్ యంగ్ దాన్ని తొలిసారి రాయించాడు. 1844లో జోసెఫ్ స్మిత్ హత్య తర్వాత చేరిన ప్రతీకార ప్రమాణం గురించి, ఒక మోర్మన్ సెనేటర్ ఎన్నికపై 1904లో మొదలైన అమెరికా సెనేట్ విచారణలో బహిరంగంగానే ప్రశ్నించారు, 1920ల్లో దాన్ని తొలగించారు. రహస్యం బయటపెడితే పడే శిక్షల అభినయం 1990లో పోయింది, స్త్రీలకు సంబంధించిన భాగాలు 2019లో మారాయి. నల్లజాతి సభ్యులకు 1978 వరకు ఎండోమెంట్ అందకుండా చేసిన నిషేధం గురించి మీ వ్యాసంలో ఒక్క వాక్యమైనా లేదు. ఆ క్రతువుల చరిత్రలో అన్నిటికంటే బాధాకరమైన అధ్యాయం అదే.

ఇవన్నీ డైరీల్లో, లేఖల్లో, సెనేట్ వాంగ్మూలాల్లో ఉన్నాయి. జోసెఫ్ స్మిత్ పత్రాలను మోర్మన్ చర్చి తానే సంపుటాలుగా వెలువరించి 2023లో పూర్తిచేసింది. విశ్వాసులైన పరిశోధకులు ఎందరో తేదీలను, మార్పులను నిర్మొహమాటంగా చర్చిస్తూనే, బయటపెట్టబోమని తాము మాట ఇచ్చిన పదాలను, సంజ్ఞలను మాత్రం అచ్చువేయరు. మీరు చరిత్రను వదిలేసి సరిగ్గా వాటినే వ్యాసంలో పెట్టెకట్టి అచ్చువేశారు. చెవిలో ఉపదేశించిన మంత్రాన్ని పత్రికలో వేస్తే మన ఇళ్లలో ఎంత నొచ్చుకుంటారో ఆలోచించండి. భారతదేశంలో ఆ చర్చి తొలి ‘స్టేక్’ (కొన్ని స్థానిక సంఘాల సముదాయం) 2012లో ఏర్పడింది మన హైదరాబాద్‌లోనే. ఇక్కడి ఆ చర్చి సభ్యులూ తెలుగు పత్రికలు చదువుతారు.

తేదీలు సరిచూసుకుందామని గ్రంథాలయానికి వెళితే, ఈ విషయంపై ఒక్క పుస్తకమూ దొరకలేదు. గ్రంథాలయ పన్ను మాత్రం ఏటా కడుతూనే ఉన్నాం. పాఠకుడికి పుస్తకం అందనిచోట పత్రిక రాసిందే చరిత్రగా నిలిచిపోతుంది కనుకనే ఇంత పట్టుబడుతున్నాను. ‘దేవాదాయ క్రతువు’ అన్న అనువాదాన్ని, మేసన్ల గురించిన వాక్యాన్ని సవరిస్తూ, 1978 నాటి విషయాన్ని చేరుస్తూ, వ్యాసం వచ్చిన పుటలోనే వివరణ ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

– ఒక విశ్రాంత చరిత్ర అధ్యాపకుడు, హైదరాబాద్